నిన్ను చూశాను!

పిల్లలూ, ముందుగా ఒక ప్రశ్న. అడవిలో ఒక దుప్పి మేస్తోంది. ఎదురుగా ఎండుగడ్డిలో పొంచి ఉన్న పులి దాని కంటబడింది. అప్పుడు ఆ దుప్పి ఏం చేయాలి?

"పారిపోవాలి" అని మీలో చాలామంది అంటారు. "కిక్కురుమనకుండా దాక్కోవాలి" అని ఇంకొందరు అంటారు. రెండూ తెలివైన జవాబులే. కానీ చుక్కల దుప్పి చాలాసార్లు ఈ రెండూ చేయదు. తల పైకెత్తి, చెవులు రిక్కించి, పులి ఉన్న వైపే తిరిగి నిలబడుతుంది. ముందుకాలితో నేలను దబదబా తంతుంది. తోక పైకి లేపి, కింది తెల్లని భాగం కనబడేలా చేస్తుంది. ఆపైన అడవంతా వినబడేలా అరుస్తుంది. అదీ ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

ఇదేం వింత? తనను తినడానికి వచ్చినవాడికే "నేను ఇక్కడున్నాను" అని చెప్పడం కాదా ఇది? దాగుడుమూతల ఆటలో దొంగ దగ్గరికి రాగానే కేకవేసి చూపించుకునేవాడు ఎవడైనా ఉంటాడా?

ఈ చిక్కుముడిని విప్పడానికే ఈ వ్యాసం. దీన్ని విప్పుకుంటూ పోతే అడవిలో వినిపించే శబ్దాలు వట్టి అరుపులు కావనీ, వాటిలో చాలా వాటికి అర్థం, చిరునామా రెండూ ఉన్నాయనీ తెలుస్తుంది.

పులికి కావలసింది రహస్యం

దుప్పి ఎందుకు అరుస్తుందో తెలియాలంటే ముందు పులి ఎలా వేటాడుతుందో తెలియాలి.

పులికి బలం ఎక్కువ, కానీ చాలాసేపు పరుగెత్తే దమ్ము తక్కువ. అందుకే అది తరిమి తరిమి వేటాడదు. పొదల చాటున, గడ్డి మాటున, పొట్ట నేలకు ఆనేలా వంగి, అడుగులో అడుగు వేస్తూ వీలైనంత దగ్గరికి వస్తుంది. ఆపైన ఒక్క ఉదుటున దూకుతుంది. ఆ కొద్ది క్షణాల్లో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అలా దూకినా చాలాసార్లు పులికి దక్కేది ఆకలే.

దాని ఒంటి రంగు కూడా ఈ రహస్యానికే పనికొస్తుంది. మన కంటికి నారింజ రంగు పులి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జింకల జాతి కళ్ళు మన కళ్ళలాంటివి కావు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా వాటికి సరిగా తెలియదు. కాబట్టి నారింజ రంగు పులి వాటికి చుట్టూ ఉన్న పచ్చదనంలో కలిసిపోయినట్టే ఉంటుంది. పైనున్న నల్లని చారలేమో గడ్డి నీడల్లో కలిసిపోతాయి.

అంటే పులి వేట మొత్తం ఒక్క విషయం మీద నిలబడి ఉంది: ఎదుటి జంతువుకు తాను కనబడకూడదు. ఆ రహస్యం బయటపడిన క్షణంలోనే వేట సగం చెడిపోయినట్టు. ఇప్పుడు దుప్పి అరుపును మళ్ళీ వినండి. అందులో రెండు మాటలున్నాయి. మందకు చెప్పే మాట, "జాగ్రత్త, పులి ఉంది." పులికి చెప్పే మాట, "నిన్ను చూశాను. ఇక దూకినా దొరకను. నీ శ్రమ, నా శ్రమ రెండూ వృథా. వెళ్ళిపో."

పులికి చెప్పే మాట అనేది నా కల్పన కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దేశంలో తాయ్ అనే దట్టమైన అడవి ఉంది. అక్కడ పరిశోధకులు చిరుతపులుల మెడకు రేడియో పట్టీలు కట్టి వాటి కదలికలను గమనించారు. కోతుల గుంపుకు దగ్గరగా పొంచి కూర్చున్న చిరుత, కోతులు తనను చూసి హెచ్చరిక కూతలు మొదలుపెట్టగానే, అక్కడ కాపు కాయడం మాని వెళ్ళిపోవడం వారికి కనిపించింది. ఈ ఫలితాలు 1999లో వెలువడ్డాయి.

అదే అడవిలో ఇంకో సంగతి కూడా బయటపడింది. అక్కడి డయానా కోతులకు నలుగురు శత్రువులు: చిరుతపులి, పెద్ద గద్ద, చింపాంజీ, వేటగాడైన మనిషి. చిరుతను చూసినా గద్దను చూసినా అవి గట్టిగా అరుస్తాయి. చింపాంజీని చూస్తే మాత్రం నోరు మూసుకుని చల్లగా జారుకుంటాయి. మనిషిని చూసినా అంతే. ఎందుకో ఆలోచించండి. చిరుత, గద్ద రహస్యంగా వచ్చి మీదపడేవి. "చూశాను" అంటే అవి వెనక్కి తగ్గుతాయి. చింపాంజీలు చెట్టెక్కి తరిమి పట్టుకోగలవు. మనిషి దూరం నుంచే కొట్టగలడు. ఈ ఇద్దరికీ కోతి అరుపు హెచ్చరిక కాదు, ఆచూకీ. ఎవరితో మాట్లాడాలో, ఎవరి ముందు మౌనంగా ఉండాలో ఆ కోతులకు తెలుసు.

మన అడవుల్లో రేసుకుక్కల సంగతి కూడా పులికి భిన్నం. అవి పొంచి కూర్చోవు, గుంపుగా తరుముతాయి. వాటికి "చూశాను" అని చెప్పి నిలబడితే ప్రాణం దక్కదు. కణితి లాంటి పెద్ద జంతువులు అప్పుడు నీళ్ళలోకి దిగి నిలబడటం అడవిలో తిరిగేవారికి తెలిసిన దృశ్యమే. కణితి అంటే మీలో హిందీ తెలిసినవారు సాంభర్ అంటారే, ఆ జంతువే.

పైన ఒకరు, కింద ఒకరు

మీ నాన్నగారికో అమ్మగారికో మధ్యప్రదేశ్‌లోనో ఉత్తరాఖండ్‌లోనో కర్ణాటకలోనో ఉద్యోగమైతే మీరు కన్హా, కార్బెట్, బందీపూర్ అడవుల్లో ఏదో ఒకటి చూసే ఉంటారు. తెలుగు నేల మీదైతే నల్లమల ఉంది. ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, తెలంగాణ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఈ అడవులన్నిటిలోనూ చుక్కల దుప్పులు కనిపిస్తాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా ఇదే.

చుక్కల దుప్పులు మేసే చోట చెట్ల మీద చాలాసార్లు కొండముచ్చులు ఉంటాయి. ఇది ఊరికే జరిగేది కాదు. కొండముచ్చులు చిటారు కొమ్మల్లో కూర్చుని ఆకులూ కాయలూ తింటూ సగం కింద పారేస్తుంటాయి. దుప్పులకు అందని మేత అలా అప్పనంగా అందుతుంది. అంతకన్నా పెద్ద లాభం కాపలా. కొండముచ్చు పైనుంచి దూరం చూడగలదు. దుప్పికి వాసన, వినికిడి బాగా ఎక్కువ. పైనున్న కన్ను, కిందనున్న ముక్కు, చెవి కలిస్తే పులికి దారి దొరకడం కష్టం. కొండముచ్చు ఖక్కు ఖక్కుమని దగ్గినట్టు అరవగానే దుప్పి తల ఎత్తుతుంది. దుప్పి అరవగానే నేల మీద దిగి ఉన్న కొండముచ్చు చెట్టెక్కుతుంది. ఒకరి భాష ఒకరు మాట్లాడరు, కానీ ఒకరి భాష ఒకరికి అర్థమవుతుంది.

అడవిలో దారి చూపే గైడ్లు ఈ అరుపులను బట్టే పులి జాడ పట్టుకుంటారు. వారి లెక్కలో అందరి మాటకూ ఒకే విలువ లేదు. చుక్కల దుప్పి కాస్త తొందరపాటు జంతువు, అనుమానం వచ్చినా అరుస్తుంది. కణితి అలా కాదు. అది "ఢాంక్" అని గంట కొట్టినట్టు అరిచిందంటే పులో చిరుతో కళ్ళారా కనిపించి ఉండాలని వారి నమ్మకం. కణితి అరుస్తూనే ఉందంటే జీపు అటు తిప్పుతారు.

ఇలా అడవి భాష వినడంలో ఆరితేరినవాడు జిమ్ కార్బెట్. 1875లో నైనితాల్‌లో పుట్టి, కుమావూ కొండల్లో మనుషులను చంపే పులులను వెంటాడిన వ్యక్తి. ఆ తర్వాత పులులను కాపాడాలని చెప్పినవాడు కూడా ఆయనే. ఏ పిట్ట ఎటు తిరిగి అరిచింది, ఏ జింక ఎన్నిసార్లు పిలిచింది అన్నదాన్ని బట్టి కనబడని పులి ఎటు నడుస్తోందో ఆయన ఊహించేవాడు. ఈ విద్య గురించే 1953లో "జంగిల్ లోర్" అనే పుస్తకం రాశాడు.

ఏ ప్రమాదానికి ఆ మాట

ఇప్పుడు అడవి నుంచి ఒక్కసారి పెరట్లోకి రండి. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు కోళ్ళను గమనించారా? ఆకాశంలో గద్ద తిరుగుతుంటే కోడి సన్నగా, సాగదీసినట్టు ఒక్క కూత కూస్తుంది. పిల్లలన్నీ క్షణంలో తల్లి రెక్కల కిందకో గంప పక్కకో చేరి కదలకుండా ఉండిపోతాయి. అదే కుక్కో పిల్లో నేల మీద వస్తే కూత మారిపోతుంది. "కొక్కొక్కొక్కొ" అని గట్టిగా, ఆగకుండా, ఊరంతా వినబడేలా గోల చేస్తుంది.

ఈ రెండు కూతల తేడా వెనుక ఉన్న సూత్రాన్ని పక్షుల విషయంలో పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్త 1955లో వివరించాడు. సన్నని, మెల్లగా మొదలై మెల్లగా ఆగిపోయే కూత ఎటు నుంచి వచ్చిందో కనిపెట్టడం కష్టం. కాబట్టి గద్దకు ఆచూకీ దొరకకుండానే తోటి పక్షులకు వార్త చేరుతుంది. తెగుతూ తెగుతూ వచ్చే గట్టి కూత ఎక్కడి నుంచి వస్తోందో ఇట్టే తెలుస్తుంది. శత్రువు చుట్టూ మూగి తరమాలంటే ఆ కూతే కావాలి. పగటిపూట దారితప్పి బయటపడ్డ గుడ్లగూబను కాకులు చుట్టుముట్టి చేసే గోల ఈ రెండో రకం. "అందరూ రండి, ఇక్కడుంది" అని దాని అర్థం.

కోడిపుంజులతో చేసిన పరిశోధనల్లో ఇంకో ముచ్చటైన విషయం తేలింది. పక్కన పెట్ట ఉన్నప్పుడు పుంజు గద్ద బొమ్మను చూసి ఎక్కువగా కూస్తుంది. ఒంటరిగా ఉంటే చాలావరకు ఊరుకుంటుంది. అంటే ఆ కూత భయంతో నోరుజారి వచ్చిన అరుపు మాత్రమే కాదు. వినేవారు ఉన్నారో లేరో చూసుకుని చేసే పని.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ కెన్యా దేశంలోని అంబోసెలీ మైదానంలో ఉండే వర్వెట్ కోతులది. ఇవి చిరుతకు ఒక కూత, గద్దకు ఒక కూత, పాముకు మరో కూత కూస్తాయి. రాబర్ట్ సేఫర్త్, డొరొతీ చీనీ అనే దంపతులు పీటర్ మార్లర్‌తో కలిసి ఒక పరీక్ష చేశారు. కోతుల కూతలను రికార్డు చేసి, శత్రువు ఏదీ లేని సమయంలో పొదలో దాచిన స్పీకరు నుంచి వినిపించారు. చిరుత కూత వినగానే నేల మీదున్న కోతులు చెట్లెక్కాయి. గద్ద కూత వినగానే ఆకాశం వైపు చూశాయి, పొదల్లో దూరాయి. పాము కూత వినగానే వెనక కాళ్ళ మీద నిలబడి గడ్డిలోకి తొంగి చూశాయి. చిరుత లేదు, గద్ద లేదు, పాము లేదు. మాట ఒక్కటే ఉంది. ఆ మాటకే సరైన పని చేశాయి. 1980లో ఈ ఫలితాలు వచ్చాక, జంతువుల అరుపులకు అర్థాలు లేవనుకున్నవారు మళ్ళీ ఆలోచించుకోవలసి వచ్చింది.

ఇక్కడ తప్పు మాట అంటే పరీక్షలో మార్కు పోవడం కాదు. గద్ద వస్తే చెట్టు చివరికి ఎక్కడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. చిరుత వస్తే పొదలో దూరడం కూడా అంతే. సరైన అర్థం తెలిసినవాడే మర్నాటి పొద్దు చూస్తాడు.

మరి ఈ మాటలు కోతిపిల్లలకు పుట్టుకతోనే వస్తాయా? కొంత వస్తాయి, కొంత నేర్చుకుంటాయి. గాలిలో ఏదో కదిలితే గద్ద కూత కూయాలని పిల్లకు తెలుసు. కానీ ఏది గద్దో తెలియదు. చెట్టు మీంచి రాలుతున్న ఆకును చూసి కూడా గద్ద కూత కూసేస్తుంది! పెద్దవి ఒకసారి పైకి చూసి, ఆకేనని తెలుసుకుని, తమ పనిలో తాము పడతాయి. పిల్ల నిజంగా ప్రమాదకరమైన గద్దను చూసి కూసినప్పుడు పెద్దవి కూడా అదే కూత అందుకుంటాయి. అలా రోజులు గడిచేకొద్దీ ఆకుకూ గద్దకూ తేడా తెలిసిపోతుంది. కొత్త భాష నేర్చుకునేటప్పుడు తప్పులు మాట్లాడటానికి సిగ్గుపడేవాళ్ళు ఈ కోతిపిల్లను ఒకసారి తలుచుకోండి.

గెంతి చెప్పే మాట

మాటలన్నీ నోటితోనే ఉండవు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డిభూముల్లో, రాజస్థాన్‌లోని తాల్ ఛాపర్‌లో, గుజరాత్‌లోని వేలావదర్‌లో ఇవి మందలుగా ఉంటాయి. బెదిరిన కృష్ణజింక ఉన్నట్టుండి నాలుగు కాళ్ళూ నేల విడిచి, బంతి ఎగిరినట్టు గాలిలోకి గెంతుతుంది. నేలను తాకీ తాకగానే మళ్ళీ గెంతుతుంది.

ఆఫ్రికా గడ్డి మైదానాల్లో థామ్సన్ గజెల్ అనే చిన్న జింక కూడా ఇలాగే కాళ్ళు బిగబట్టి నిలువునా ఎగురుతుంది. వెనుక వేటకుక్కలు తరుముకొస్తుంటే, ముందుకు పోకుండా పైకి ఎగరడం ఏమిటి? సమయం, శక్తి రెండూ దండగే కదా?

ఇలాంటి చిక్కు ప్రశ్నలకు ఇజ్రాయెల్ జీవశాస్త్రవేత్త అమోట్జ్ జహావి 1975లో ఒక దారి చూపించాడు. ఆయన వాదన సారాంశం ఇది: సంకేతానికి ఖర్చు ఉంటేనే దాన్ని నమ్మవచ్చు. "నేను బలవంతుణ్ణి" అని నోటితో ఎవరైనా అనగలరు. తరుముతున్న శత్రువు ముందు పైకి గెంతి కూడా తప్పించుకోవడం నిజంగా ఒంట్లో సత్తా ఉన్నవాడికే సాధ్యం. జబ్బుపడిన జింక, కుంటి జింక, ముసలి జింక ఆ గెంతు గెంతలేవు. కాబట్టి అది అబద్ధమాడటానికి వీల్లేని మాట.

వేటకుక్కలు ఈ మాటను నిజంగా చదువుతాయా? టాంజానియాలోని సెరెంగెటీలో చేసి, 1988లో ప్రచురించిన పరిశీలనలో ఆఫ్రికా వేటకుక్కలు తక్కువ గెంతే గజెల్‌లనే ఎంచుకుని వెంటపడుతున్నట్టు తేలింది. చీతాలైతే గజెల్ ఇలా గెంతినప్పుడు చాలాసార్లు వేటను మధ్యలోనే మానుకుంటాయి. ఆ ఒక్క గెంతుతో పరుగు తప్పుతుంది. జింకకు ప్రాణం దక్కుతుంది. చీతాకు దొరకని ఎర వెంట పడే శ్రమ మిగులుతుంది. చంపేవాడికీ చంపబడేవాడికీ మధ్య కూడా ఒక నిజం చెప్పుకుంటే ఇద్దరికీ లాభమే అన్నమాట.

శత్రువు భాషలోనే చెప్పే మాట

అమెరికాలోని కాలిఫోర్నియాలో నేల బొరియల్లో ఉండే ఒక ఉడుత ఉంది. దాని పిల్లలను తినడానికి రెండు రకాల పాములు వస్తాయి. ఒకటి తోక గిలకలా మోగించే రాటిల్ స్నేక్. రెండోది విషం లేని గోఫర్ స్నేక్. పాము ఎదురైతే తల్లి ఉడుత తోకను పైకెత్తి అటూ ఇటూ ఊపుతుంది. రెండు పాముల ముందూ అలాగే ఊపుతుంది. కానీ 2007లో వేడిని చూపే కెమెరాతో చూసినప్పుడు ఒక రహస్యం బయటపడింది. రాటిల్ స్నేక్ ముందు ఊపేటప్పుడు మాత్రం ఉడుత తోకలోకి రక్తం ఎక్కువగా పారి తోక వేడెక్కుతోంది!

ఎందుకంటే రాటిల్ స్నేక్ ముఖం మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. గోఫర్ స్నేక్‌కు అవి లేవు. వేడి తోక రాటిల్ స్నేక్‌కు పెద్దగా, స్పష్టంగా తెలుస్తుంది. ఇలాంటి వేడి తోక కనిపించినప్పుడు రాటిల్ స్నేక్ ముందుకు దూకడం మాని ఎక్కువగా ఆత్మరక్షణకు దిగినట్టు పరిశోధకులు గమనించారు. ఎవరికి అర్థమయ్యే భాషలో వారికి చెప్పడమంటే ఇదే.

"నాన్నా! పులి!"

మన తెలుగు పిల్లలందరికీ తెలిసిన కథ ఒకటి ఉంది. గొర్రెలు కాసే పిల్లవాడు సరదాకి "నాన్నా! పులి!" అని రెండుసార్లు అరుస్తాడు. మూడోసారి నిజంగా పులి వస్తే ఎవరూ రారు. మరి జంతువుల్లో ఇలాంటి అబద్ధాలకోర్లు ఉండవా?

ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని కలహారీ ఎడారిలో మన ఏట్రింత జాతికే చెందిన ఒక నల్లని పిట్ట ఉంది. ఏట్రింత అంటే కరెంటు తీగల మీద చీలిన తోకతో కూర్చునే నల్లపిట్ట, కొన్నిచోట్ల పసులపోలిగాడు అంటారు. కలహారీ ఏట్రింత చెట్టు మీద కూర్చుని కింద మేసే మీర్‌క్యాట్‌లకు గద్ద వచ్చినప్పుడు నిజమైన హెచ్చరికలు ఇస్తుంది. వాటికి దాని మీద నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత ఏ మీర్‌క్యాట్‌కో బలిసిన పురుగు దొరికినప్పుడు, గద్ద లేకపోయినా హెచ్చరిక కూస్తుంది. మీర్‌క్యాట్ పురుగును వదిలేసి బొరియలోకి పరుగు. పిట్టకు విందు! అవి మోసాన్ని పసిగట్టి లెక్కచేయకపోతే గొంతు మార్చి, వేరే జంతువు హెచ్చరికను అనుకరిస్తుంది.

అయితే వినేవారు ఎల్లకాలం మోసపోరు. కెనడాలోని ఒక రకం నేల ఉడుతలపై 2001లో వెలువడిన ప్రయోగం చూడండి. కొన్ని ఉడుతల కూతలను శత్రువు బొమ్మతో కలిపి వినిపించారు. మరికొన్ని ఉడుతల కూతలను ఏ శత్రువూ లేకుండా వినిపించారు. కొన్నాళ్ళకు మొదటి రకం కూతలకు ఉడుతలు అప్రమత్తమయ్యాయి. రెండో రకం కూతలను అంతగా పట్టించుకోలేదు. అంటే ఏం కూత అన్నదే కాదు, ఎవరి కూత అన్నది కూడా అవి గుర్తుపెట్టుకుంటున్నాయి. మన కథలోని ఊరివాళ్ళు చేసింది అదే. ఏట్రింత మోసం కూడా సాగుతోందంటే, అది ఎక్కువసార్లు నిజం చెబుతుంది కాబట్టే.

మాట పనిచేయనప్పుడు

ఎంత చెప్పినా వినని శత్రువు మీద పడితే? అప్పుడు ఆఖరి ఉపాయాలు. అందులో ఒకటి మీ క్వార్టర్ గోడ మీదే ఉంది. బల్లి తోకను పిల్లి పట్టుకుంటే బల్లి తోకను వదిలేసి పోతుంది. తోక ఎముకల్లో తెగడానికి వీలైన చోట్లు ముందే ఉంటాయి. కండరాలు బిగుసుకుని అక్కడ తెంపేస్తాయి. రక్తం పెద్దగా పోకుండా నాళాలు కూడా మూసుకుపోతాయి. తెగిన తోక నేల మీద గిలగిలా కొట్టుకుంటుంది. పిల్లి దాన్ని చూస్తూ ఉండగా బల్లి ట్యూబ్‌లైటు వెనక్కి చేరిపోతుంది.

కొత్త తోక మొలుస్తుంది కానీ పాతదానిలా ఉండదు. లోపల ఎముకకు బదులు మృదులాస్థి ఉంటుంది. తోకలో దాచుకున్న కొవ్వు పోతుంది, ఎదుగుదల మందగిస్తుంది. కాబట్టి బల్లికి తోక వదలడం ఆట కాదు, ప్రాణం కోసం చెల్లించే వెల. సరదాకి బల్లి తోకను కర్రతో కొట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొత్త ఊరు, కొత్త కూతలు

చివరగా మనందరికీ దగ్గరైన ఒక ముచ్చట. నేను పనిచేసిన ప్రతి బడిలోనూ జూలై నెలలో తరగతి గది తలుపు దగ్గర ఒక కొత్త ముఖం కనిపించేది. నాన్నకు బదిలీ అయింది. వచ్చినవాడికి వెనక బెంచీవాళ్ళు మాట్లాడే భాష తెలియదు. ఎవరైనా గట్టిగా ఒక మాట అనగానే తరగతంతా సర్దుకుని కూర్చుంటుంది, వాడు మాత్రం దిక్కులు చూస్తాడు. ఆ మాటకు అర్థం "సార్ వస్తున్నారు" అని వాడికింకా తెలియదు మరి!

పక్షుల్లోనూ ఇంతే. ఆస్ట్రేలియాలో ఫెయిరీ రెన్ అనే నీలిరంగు బుల్లిపిట్ట ఉంది. నాయిజీ మైనర్ అనే వేరే జాతి పక్షి హెచ్చరిక కూత కూస్తే, ఆ పక్షి పొరుగున ఉన్న ఫెయిరీ రెన్‌లు వెంటనే పొదల్లోకి పారిపోతాయి. ఆ పక్షి లేని చోట పెరిగిన ఫెయిరీ రెన్‌లకు అదే కూత వినిపిస్తే ఏమీ పట్టనట్టు ఉంటాయి. అంటే ఆ అర్థం రక్తంలో లేదు, ఇరుగుపొరుగులో ఉంది.

మరి పెద్దయ్యాక నేర్చుకోగలవా? కాన్‌బెర్రాలో పరిశోధకులు అడవి ఫెయిరీ రెన్‌లకు అవి ఎన్నడూ వినని ఒక శబ్దాన్ని వినిపించి, అదే సమయంలో పైనుంచి గద్దలాంటి బొమ్మను విసిరారు. కొద్ది రోజుల్లోనే బొమ్మ లేకుండా శబ్దం ఒక్కటే వినిపించినా అవి దాక్కోవడం మొదలుపెట్టాయి. బొమ్మతో కలపని మరో కొత్త శబ్దాన్ని పట్టించుకోలేదు. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. చుట్టూ ఉన్నవారి మాటకు చెవి ఒగ్గితే కొత్త భాష అంత త్వరగా పట్టుబడుతుంది. ఫెయిరీ రెన్ నాయిజీ మైనర్‌గా మారిపోలేదు. తన పాట తనదే. పొరుగువాడి మాట అదనపు సంపద.

మీ వంతు

ఇంత చదివారు కాబట్టి మీకొక పని. మీరు ఎక్కడున్నా, అది కంటోన్మెంటు కావచ్చు, రైల్వే కాలనీ కావచ్చు, ప్రాజెక్టు క్వార్టర్లు కావచ్చు, ఆవరణలో ఉడుతలు, కాకులు, గోరువంకలు ఉండే ఉంటాయి. ఒక వారం రోజులు పొద్దున పది నిమిషాలు కదలకుండా కూర్చుని వినండి. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి. ఎవరు అరిచారు? ఎలా అరిచారు? అప్పుడు అక్కడికి ఏం వచ్చింది: పిల్లా, పామా, డేగా, మనిషా? విన్న మిగతా జీవులు ఏం చేశాయి? వారం తిరిగేసరికి పిల్లిని చూడకుండానే "పిల్లి వస్తోంది" అని చెప్పగలుగుతారేమో చూడండి.

ఇంకొక్క మాట. అడవికి వెళ్ళినప్పుడు జీపులో కేకలు వేయకండి, ఫోన్లో పాటలు పెట్టకండి. కొండముచ్చు దగ్గుకూ పులి దూకడానికీ మధ్య ఉండేది కొద్ది క్షణాలే. మన గోలలో ఆ దగ్గు వినబడకపోతే దుప్పికి ఆ క్షణాలు కూడా ఉండవు.